స్టార్ట్ కాని కారు ఉండుడు అదృష్టం

రేపు పొద్దుగాల మీ కారు స్టార్ట్ కావొద్దని మనసారా కోరుకుంటున్న.

తిట్టుకోకుండ్రి. నేను మీ మేలు కోరేదాన్నే. తాళంచెవి తిప్పంగనే బుర్రుమని లేచే కారు మనిషిని ఒంటరిగ చేస్తది. తలుపు ఏస్కుంటం, అద్దాలు ఎక్కిస్తం, పోతం. ఎదురింటాయన పేరు సుత తెల్వకుంట ఏండ్లు గడిచిపోతయి. అదే కారు వాకిట్ల మొరాయించిందనుకోండ్రి, వాడంత మన ముంగట నిలబడ్తది.

ఇది ఎక్కడనో చదివి చెప్తలేను. అనుభవించి చెప్తున్న.

నా పేరు శ్రీవాణి. ఇటిక్యాల హైస్కూల్ల ఫిజిక్స్ చెప్త. ఉండేది గద్వాలల, మగ్గాల చప్పుడు వినబడే వాడల. మా ఆయన మహిపాల్‌కు నాగర్‌కర్నూల్ల కొలువు. శనివారం వస్తడు, సోమవారం పొద్దుగాల పోతడు. ఆయన బస్సు మీద, నేను కారు మీద. అది మా నాయిన నడిపి నడిపి నాకిచ్చిన తెల్ల కారు. పన్నెండేండ్లది.

జనవరి నెల, ఒక సోమవారం. మా ఆయన బస్సెక్కిండు, నేను కారెక్కిన. తాళంచెవి తిప్పితే టిక్ టిక్ టిక్ అన్నది గాని ఇంజను తిరగలే. మళ్ల తిప్పిన. మళ్ల టిక్ టిక్. డాష్‌బోర్డు మీది లైట్లు మసకబారినయి.

అయిదు నిమిషాల్ల పదకొండు మంది మొగోళ్లు జమైన్రు. మా గృహప్రవేశానికి పిలిస్తే ఏడుగురే వచ్చిన్రు. ఒకాయన పెట్రోలు అయిపోయిందన్నడు. ముల్లు సగం టాంకీ చూపిస్తున్నది, అయినా అన్నడు. ఇంకొకాయన నేను క్లచ్చి తప్పు తొక్కుతున్ననన్నడు. పాలు పోసేటాయన, ఆడోళ్లు మెల్లగ నడుపుతరు గాబట్టి ఇంజను సోమరిదైతదని చెప్పిండు. ఒక రిటైర్డ్ సారు బానెట్ లేపిచ్చి, లోపలికి చాలాసేపు చూసి, 'ఊఁ' అని మళ్ల మూసిండు. లోపల ఏం కనబడ్డదో ఇయ్యాల్టి దాక చెప్పలే.

గింత విద్య ఒక్క పొద్దుల, ఒక్క వాకిట్ల ఎక్కడన్న దొరుకుతదా? నేను బీఎడ్ చదివేటప్పుడు సుత దొరకలే.

అందరు కలిసి నూకిన్రు. కారు లేసింది. వాళ్ల ముఖాలు చూడాలె మీరు. యుద్ధం గెలిచొచ్చినట్టు చేతులు దులుపుకున్నరు. నా కారు ఆగకపోయి ఉంటె, పాపం, వాళ్లకు గా సోమవారం మామూలు సోమవారం లెక్కనే గడిచిపోతుండె.

అందరు పోయినంక నాకు కనబడ్డది ఒకటే. డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగ వెలుగుతనే ఉన్నది. ఇంజను నడుస్తుంటె అది ఆరిపోవాలె. సాయంత్రం బడి ల్యాబుల నుంచి మల్టీమీటర్ తెచ్చి, ఇంజను నడుస్తుండంగ బ్యాటరీకి పెట్టి చూసిన. పన్నెండు వోల్టులు చూపించింది. పద్నాలుగు దాక రావాలె.

జర సైన్స్ చెప్త, భయపడకుండ్రి. మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంటది గద, అది బ్యాటరీ. కింద బోరు మోటరు ఉంటది గద, అది ఆల్టర్నేటర్. ఇంజను తిరిగినంతసేపు ఆల్టర్నేటర్ తిరిగి బ్యాటరీని నింపుతది. బోరు మోటరు చెడిపోతే ఎవలన్న ట్యాంకు మారుస్తరా? మార్చినా, కొత్త ట్యాంకుల నీళ్లు ఎన్ని రోజులొస్తయి? మా ఏడో తరగతి పిల్లలను అడిగితే చెప్తరు.

మర్నాడు తుకారాం షెడ్డుకు పోయిన. తుకారాం ఇరవై ఏండ్ల నుంచి కార్ల పని చేస్తుండు. మనిషి మంచోడు, అబద్ధం ఆడడు. ఇంజను నడుస్తున్నా పన్నెండే వస్తున్నదని, ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తలేదని చెప్పిన. మీటర్ చూపించిన. ఆయన మీటర్ చూడలే, నన్ను చూడలే. నా ఎన్క ఎవలన్న ఉన్నరా అని చూసిండు.

"సార్ రాలేదా మేడం?" అన్నడు.

రాలేదన్న. అయితే బ్యాటరీ పోయిందన్నడు.

సార్ రాకపోవుడుకు, బ్యాటరీ పోవుడుకు సంబంధమేందో నాకు ఫిజిక్స్‌ల దొరకలే. ఇరవై ఏండ్ల అనుభవానికి దొరుకుతదేమో. కొత్త బ్యాటరీ పడ్డది. తాళంచెవి తిప్పంగనే ఇంజను లేసింది. తుకారాం నా దిక్కు జాలిగ చూసిండు, లెక్క తప్పు చేసిన పిల్లను చూసినట్టు. ఎర్ర లైటు ఇంకా పోలేదు గద అంటే, కొత్త బ్యాటరీ సెట్టయ్యేదాక గట్లనే ఉంటదన్నడు.

ఇగ ఇక్కడ బాలనాగమ్మ సంగతి చెప్పాలె.

బాలనాగమ్మ మా పక్కింటామె. అరవై దాటినయి. ఆమె భర్త నాగప్ప మగ్గం మీద కూసుంటడు. ఆమె నూలు తోడుతది, తెగిన పోగు అతుకుతది. గద్వాల చీరకు నూలు ఒంటి మీద పట్టు అంచు కలిసే కాడ తప్పు పడ్డదేమో వేలితోని తడిమి చూస్తది. వేలితోని ఎందుకంటె కండ్లు కనబడ్తలేవు. రెండు కండ్లల్ల మోతిబిందు, అదే శుక్లాలు. మహబూబ్‌నగర్ల ఒక కండ్ల దవాఖానల కుడి కన్ను ఆపరేషన్‌కు శుక్రవారం తారీకు ఇచ్చిన్రు. బస్సుల దుమ్ము, కుదుపులు ఎందుకు, నేను తీస్కపోత అన్న. బడికి సెలవు పెట్టిన.

శుక్రవారం పొద్దుగాల ఆరింటికి నాగప్పతోని కలిసి ముగ్గురం బయలెల్లినం. కొత్త బ్యాటరీ ఏసిన నాలుగో దినం. ఎర్ర లైటు వెలుగుతనే ఉన్నది. నేను చేసిన తప్పు ఏందంటె, నా చేతిల ఉన్న మీటర్‌ను నమ్మకుంట ఇరవై ఏండ్ల అనుభవాన్ని నమ్మిన. మంచు ఉన్నదని హెడ్‌లైట్లు ఏసి నడిపిన. పెబ్బేరు దాటినంక ముందుగాల హారన్ గొంతు పోయింది. తర్వాత లైట్లు ఎర్రబడ్డయి. ఇంజను రెండుసార్లు దగ్గినట్టు చేసి హైవే పక్కన ఆగిపోయింది.

చాయ్ హోటల్ నుంచి ఆరుగురు వచ్చిన్రు. అంటె నా కారు వల్ల వనపర్తి జిల్లా మొగోళ్లకు సుత సేవ చేసే భాగ్యం దక్కిందన్న మాట. వాళ్లల్ల ఒకాయన నేను క్లచ్చి తప్పు తొక్కుతున్ననన్నడు. ఆరుగురు నూకినా లేవలే. ట్యాంకు అడుగు దాక ఎండిపోయింది గద, ఎంత నూకితే ఏముంది?

కారు హోటల్ కాడ వదిలి బస్సు పట్టుకొని పోయేసరికి పదకొండు దాటింది. ఆ పూట ఆపరేషన్లు అయిపోయినయి. ఇరవై రోజుల తర్వాత, గురువారం రమ్మన్నరు.

వచ్చేటప్పుడు బస్సుల బాలనాగమ్మ నా పక్కన కూసున్నది. బస్సు కొత్తకోట దాటింది. తర్వాత మెల్లగ అడిగింది.

"ఇది ఆగిపోతదని నీకు ముందుగాలనే తెలుసునా బిడ్డా?"

"తెలుసు పెద్దమ్మా."

"మరి చెప్పలేదా?"

"చెప్పిన."

ఆమె తల ఊపి కిటికీ దిక్కు తిరిగింది. కిటికీల నుంచి ఆమెకు ఏం కనబడ్తదో నాకు తెలుసు. తెల్లగ, మబ్బు లెక్క, అంతే.

ఆ ఇరవై రోజుల్ల ఒక పెండ్లి చీర మగ్గం మీద ఉండె. అంచుల ఒక వరుస తప్పు పోయింది. నాగప్పకు పైనుంచి కనబడలే, బాలనాగమ్మ వేలికి తగలలే. జానెడు నేసినంక బయటపడ్డది. మూడు రోజుల పని పోగు పోగు ఇప్పిన్రు. గోడ అవతల మగ్గం ఆగిపోయి ఉంటే నా ఇంట్ల నాకు అన్నం సయించలే.

అయినా, చూసే కండ్లుంటె ఇందుల సుత లాభమే ఉన్నది. ఓపిక పెరగలేదా? హైవే మీద పొద్దుటి గాలి పీల్చలేదా?

కారును తుకారాం గుంజుకొచ్చిండు. ఈసారి స్టార్టర్ మోటరు పోయిందన్నడు. అదే కరెంటంత తాగుతున్నదట. నేను మళ్ల ఆల్టర్నేటర్ అన్న. మళ్ల మీటర్ తీసిన. "మీటర్లు ఇండ్లకు మేడం, బండ్లకు చెవి చాలు" అన్నడు. అని, సార్‌తోని ఒక మాట మాట్లాడతనని మా ఆయనకు ఫోన్ కలిపిండు.

మా ఆయన గురించి చెప్పాలె. మంచి మనిషి. ఇంట్ల ఫ్యూజు పోతే మోంబత్తి పట్టుకొని నా ఎన్క నిలబడ్తడు. వైరు ముట్టాలంటె ఆయనకు భయం. గసుంటి మనిషి ఫోన్ల గొంతు సవరించుకొని, స్టార్టరే అయి ఉంటది, నువ్వే చూస్కో తుకారాం అన్నడు. తుకారాం ముఖం వెలిగింది. ఇద్దరు నిపుణులు ఒక్క మాట మీదికి వచ్చిన్రు. స్టార్టర్ మారింది, బ్యాటరీకి బయట చార్జింగ్ పెట్టిన్రు, కారు మళ్ల లేసింది.

శనివారం మా ఆయన వచ్చినంక అడిగిన, స్టార్టర్ అని నీకెట్ల తెలిసిందని. అంత అనుభవమున్న మనిషి అడుగుతుంటే తెల్వదని ఎట్ల చెప్పాలె అన్నడు. నేను ఆల్టర్నేటర్ అని చెప్పిన గద అన్న. ఆయన చాలాసేపు పప్పు కలుపుకున్నడు. చివరికి, "నిజమే, నిన్ను అడగాల్సుండె" అన్నడు. స్టార్ట్ కాని కారు మొగుడు పెండ్లాల నడుమ మాటలు పెంచుతది. ఆ శనివారం మేము మస్తు మాట్లాడుకున్నం. ఎక్కువ నేనే మాట్లాడిన.

కొత్త స్టార్టర్ సుత కారును ఎక్కువ రోజులు నడపలే. బ్యాటరీకి రెండుసార్లు చార్జింగ్ పెట్టిచ్చుకున్న. ఆపరేషన్‌కు మూడు రోజులున్నదనంగ, సోమవారం, మీటర్ పెడితే మళ్ల పన్నెండే. అప్పుడు నేను పక్కింటికి పోయిన.

నాగప్ప మగ్గం కాడ ఉన్నడు. నాతోని తుకారాం షెడ్డుకు రావాలె, వచ్చి ఒక మాట చెప్పాలె అన్న. ఆయన పరేషాన్ అయిండు. "నాకు సైకిల్ తప్ప ఏం తెల్వదు బిడ్డా" అన్నడు. ఏం తెల్వకున్నా నడుస్తది పెద్దనాయినా, నేను చెప్పిన మాటనే చెప్తే చాలు అన్న. ఆయనకు అర్థం కాలే. లోపల నూలు తోడుతున్న బాలనాగమ్మకు అయింది. పోయి రమ్మన్నది.

వాక్యం చిన్నదే. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తలేదు, కార్బన్ బ్రష్షులు అరిగినట్టున్నయి, ఇప్పి చూడు. నాగప్ప నోట్లె అది ఆల్టనీటరు అయింది. లోపల నుంచి బాలనాగమ్మ మూడుసార్లు సరిచేసింది. నాలుగోసారికి ఆమెకు ఆయన కన్న మంచిగ వచ్చింది. కాని ఆమెను తీస్కపోతే లాభం ఏముంది? షెడ్డు కాడ ఆమె మాట సుత నా మాట అంత బరువే తూగుతది.

షెడ్డుల నేను కారు దిగలే. ఫోన్ చూస్కుంట కూసున్న. అన్నిటికన్న కష్టం గదే. నాగప్ప దోతి సవరించుకొని, చేతులు ఎన్కకు కట్టుకొని, ఇంజను ముంగట నిలబడ్డడు. ఒక నిమిషం అయింది, మాట్లాడలే. రెండు నిమిషాలైంది. వాక్యం మర్చిపోయిండని నాకు అర్థమైంది. తుకారాం మాత్రం, పెద్దమనిషి ఆలోచిస్తుండని చేతిల పానా పక్కకు పెట్టి, మర్యాదగ నిలబడ్డడు.

చివరికి మాట వచ్చింది.

"ఆల్టనీటరు చార్జింగ్ ఇస్తలేదు తుకారాం. బ్రష్షులు అరిగినట్టున్నయి. ఇప్పి చూడు."

తుకారాం నుదురు కొట్టుకున్నడు. "నాకు గదే అనుమానం కొడుతుండె నాగప్పన్నా" అన్నడు. మీటర్ ఉన్నదా అని అడిగిండు. నేను మీటర్ నాగప్పకు ఇచ్చిన, నాగప్ప తుకారాంకు ఇచ్చిండు. చెవి చాలన్న మనిషి మీటర్ పెట్టి చూసి, పన్నెండే వస్తున్నదని నాగప్పకు చెప్పిండు. నాగప్ప తల ఊపిండు. పన్నెండు మంచిదో చెడ్డదో పాపం ఆయనకు తెల్వదు.

ఆల్టర్నేటర్ ఇప్పితే లోపల రెండు కార్బన్ బ్రష్షులు బలపం ముక్కల లెక్క అరిగిపోయి ఉన్నయి. వేలి గోరంత లేవు. కొత్తవి ఏసిండు, బెల్టు బిగించిండు, బ్యాటరీ మొనల మీద పేరుకున్న తెల్లటి పొడి సోడా కలిపిన ఏన్నీళ్లతోని కడిగిండు. గంట పని. ఇంజను లేపితే ఎర్ర లైటు ఆరిపోయింది. మీటర్ పద్నాలుగు దాటింది.

తుకారాం నా కిటికీ కాడికి వచ్చిండు. "గిసుంటి మనిషిని పక్కింట్ల పెట్టుకొని ఇన్ని రోజులు తిప్పలైనరు మేడం" అన్నడు. నిజమే తుకారాం, నాకే తోచలే అన్న.

గురువారం బాలనాగమ్మకు ఆపరేషన్ అయింది. శుక్రవారం పట్టి ఇప్పిన్రు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగితే, ఆమె వేళ్లు చెప్పలే. ఆయన అంగీ జేబు కాడ కుట్టు ఊడిందన్నది.

నల్లద్దాలు పెట్టుకొని ఎన్క సీట్ల కూసున్నది. నాగప్ప నా పక్కన ముంగట. పెబ్బేరు దాటినంక ఆమె మాట మొదలుపెట్టింది.

"నీ మాట మీ పెద్దనాయిన నోట్లె పెట్టినవ్ గద బిడ్డా. నేను ముప్పై ఎనిమిదేండ్ల సంది గదే చేస్తున్న."

నేను అద్దంల చూసిన. ఆమె మామూలుగనే చెప్తున్నది, కూర ఎట్ల ఒండిందో చెప్పినట్టు. చీరల అంచులు ఆమె తలల నుంచి వచ్చినయట. జొన్న కంకి అంచు, నెమలి మెడ అంచు, కృష్ణ ఒడ్డున అలలు చూసొచ్చి గీసిన అంచు, అన్ని. పెండ్లైన కొత్తల ఒక కాయితం మీద గీసుకొని తనే చీరలు నేయించే షావుకారి కాడికి పోయిందట. ఆయన కాయితం చూడకుంట దాని మీద చాయ్ గ్లాసు పెట్టి, మీ ఇంటాయన రాలేదా అని అడిగిండట. వారం తర్వాత గదే బొమ్మ నాగప్ప తీస్కపోతే భుజం తట్టి, నీ చేతిల కళ ఉన్నదన్నడట. అప్పటి సంది ఆమె చెప్పుడు, ఆయన తీస్కపోవుడు. ఊర్ల నాగప్ప అంచులని పేరు.

నాగప్ప రోడ్డు దిక్కే చూస్తుండు.

"ఎవలు అడిగినా నేను కాదనలే, అవుననలే," అన్నడు చివరికి. "ఊకున్న. గదే తప్పు."

ఆమె ఆయనను ఓదార్చలే. నేను సుత ఓదార్చలే.

నాగప్ప మాట మీద నిలబడే మనిషి. సోమవారం పెండ్లి చీర తీస్కొని షావుకారి కాడికి పోయి, పదిమంది ఉండంగ చెప్పిండట, ఇన్నేండ్ల అంచులన్ని బాలనాగమ్మవే, నాకు కాళ్లు చేతులు ఆడిచ్చుడే తెలుసని. షావుకారి కండ్లల్ల నీళ్లు తిరిగినయట. పెండ్లాం దవాఖాన నుంచి వచ్చిందని తన పేరు సుత ఆమెకిచ్చే మొగుడు ఈ కాలంల ఎక్కడున్నడని అందరికి చూపించిండట.

అదే వారం తుకారాం నాగప్పకు ఫోన్ చేసిండు. కొల్లాపూర్ నుంచి ఒక కారు వచ్చిందట, ఎర్ర లైటు వెలుగుతున్నదట, ఏం చేద్దామన్నా అని. నాగప్ప ఉన్నదున్నట్టు చెప్పిండు, నాకేం తెల్వదు తమ్మీ, ఆ రోజు మాట శ్రీవాణి మేడంది, ఆమెను అడుగు అని. తుకారాం నన్ను అడగలే. షెడ్డుకు వచ్చినోళ్లందరికి మాత్రం చెప్తుండట, అంత తెలిసి సుత ఆ మనిషికి ఇసుమంత గర్వం లేదని.

ఇప్పుడు నాగప్పకు బయటికి పోవుడు కష్టమైంది. చాయ్ తాగనీకి పోతే బ్యాటరీల గురించి అడుగుతున్నరు. నిన్న ఒకాయన కోడేరు నుంచి ట్రాక్టర్ తీస్కొని నేరుగ ఇంటి ముంగటికే వచ్చిండు. నాగప్ప లోపలికి పోయి తలుపేస్కుంటే, వచ్చినాయనకు గోడ మీదికెల్లి నేనే చెప్పిన, నాగప్పకు బండ్ల గురించి ఒక్క ముక్క తెల్వదని.

ఆయన నమ్మలే.